గీత గీయని అంకె

విమానానికి ఎంత ముందు వెళ్లాలన్న విషయంలో ఆ మొగుడూ పెళ్లాలకు పన్నెండేళ్లుగా తగువు. విమానం ఎక్కేది ఏడాదికొక్కసారి, ఆయన అక్కను చూడటానికి. తగువు మాత్రం ఏడాది పొడుగునా నడిచేది. ఆయన దర్జీ. వీధిలో అందరూ మాస్టారు అంటారు. నాలుగు గంటల ముందు అక్కడ ఉండాలన్నది మాస్టారి లెక్క. రెండు గంటలు చాలన్నది ఆమె లెక్క.

"నిదానమే ప్రధానమన్నారు పెద్దలు," అనేది ఆమె.

"ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దలే అన్నారు. ఇద్దరూ వేరు వేరు పెద్దలు. విమానం అందింది రెండో ఆయనకే," అనేవాడు మాస్టారు.

పెళ్లిళ్లకు వెళ్తే కుర్చీలు వేసేవాళ్లు వీళ్లిద్దరినీ చూసి తలో కుర్చీ అందించేవారు, కూర్చోమని కాదు, వరసలో వెయ్యమని. ఒకసారి విమానాశ్రయం గేటు దగ్గర కాపలావాడు వీళ్ల కాగితం అటూ ఇటూ తిప్పి, మీరు నిన్నటి విమానానికి వచ్చారా రేపటి విమానానికి వచ్చారా అని అడిగాడు. మాస్టారు ఆ మాట షాపులో నెల రోజులు చెప్పుకుని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. లోపల ఇనప కుర్చీలు, పైనుంచి చల్లగాలి. ఆమె మోకాళ్లు అరిగి ఆరేళ్లయింది.

ముందు వెళ్లడానికి ఆయన చెప్పే కారణం షాపులోంచే వచ్చింది. ఏ గుడ్డ కోసినా కుట్టు లోపల అంగుళం వదులుతాడు. మనిషి లావెక్కుతాడు, గుడ్డ ఉతుక్కి ముడుచుకుంటుంది. లోపల అంగుళం ఉంటే విప్పి కుట్టుకోవచ్చు. లేకపోతే ఆ చొక్కా అటక ఎక్కాల్సిందే. టైమూ అంతేనంటాడు. వదిలిన గుడ్డ పైకి కనబడదు, చొక్కాను కాపాడేది మాత్రం అదే.

అసలు కారణం అది కాదని ఆమెకు తెలుసు. మాస్టారికి పన్నెండేళ్లప్పుడు తల్లి పోతే అక్కే పెంచింది. పద్నాలుగో ఏట పనిలో పెట్టడానికి ఒక దర్జీ దగ్గరికి బయలుదేరదీసింది. తల దువ్వి, చొక్కాకు తెగిన గుండీ కుట్టి బయటికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. పదకొండు కిలోమీటర్లు నడిచారు. వెళ్లేసరికి ఆ దర్జీ ఇంకొక పిల్లవాణ్ణి పెట్టుకున్నాడు. అక్క మూడు రోజులు ఆ షాపు మెట్టు మీద కూర్చుంది. నాలుగో రోజు దర్జీ విసిగిపోయి తమ్ముణ్ణి లోపలికి పిలిచాడు. అప్పటినుంచీ ఆ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఏ బండికైనా ముందే వెళ్లి కూర్చునేవాళ్లు. బండి మన కోసం ఆగదురా, మనమే బండి కోసం ఆగాలి అనేది అక్క.

షాపులో కోసేది మాస్టారు, మిషను మీద కుట్టేది ఆమె. చదువుకునే రోజుల్లో కూతురు సాయంత్రాలు కూర్చుని కొలతల చీటీలు రాసేది. కూతురు కొత్తగా రాయడం మొదలుపెట్టినప్పుడు ఒక బ్యాంకు ఆఫీసరు కోటు కుట్టించుకున్నాడు. ఛాతీ కొలత తీసి, వదులు కోసం నాలుగు అంగుళాలు తనే కలిపి రాసింది. మాస్టారు చీటీ చూసి, ఇది ఒంటి కొలతే అనుకుని ఇంకో నాలుగు కలిపి కోశాడు. ఆఫీసరు అద్దం ముందు నిలబడి, నాతోపాటు మా గుమాస్తా కూడా ఇందులో పడతాడు మాస్టారూ అన్నాడు. ఆ రోజు నుంచి షాపులో ఒక కట్టుబాటు వచ్చింది. కొలతకు ఎవరైనా కలిపినా, తీసినా ఆ అంకె కింద గీత గీయాలి. గీత గీసిన అంకె జోలికి రెండోవాళ్లు పోకూడదు. పద్దెనిమిదేళ్లలో ఆ కట్టుబాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

కిందటేడు అక్కను చూడటానికి వెళ్లినప్పుడు విమానం గంట ఆలస్యమైంది. నాలుగు గంటలు కాస్తా అయిదయ్యాయి. దిగేటప్పటికి ఆమె మోకాళ్లు వాచి మెట్టు దిగలేకపోయింది. చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. తిరిగొచ్చాక కూతురు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. దారిలో, ఈసారి నాన్న సంగతి నేను చూసుకుంటాలే అంది. ఆమె దాన్ని కూతుళ్లు తల్లులను ఊరడించడానికి అనే మాట అనుకుంది.

సోమవారం పొద్దున మేనకోడలు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో చేర్చిన అక్కకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రెండు రోజులు, మహా అయితే నాలుగు అని డాక్టర్లు అన్నారట. తర్వాత అక్కే ఫోన్ తీసుకుంది. ఒక్కో మాటకూ ఆగుతూ మాట్లాడింది.

"ఇక్కడ తొడిగింది వెనకంతా తెరిచే ఉంటుందిరా. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. నువ్వొకటి కుట్టి పట్రా."

"తెస్తానక్కా."

"సూదుల చెయ్యి పైకి లేవదు. అది చూసుకో."

కూతురు బుధవారానికి టిక్కెట్లు తీసింది. కూతురిది వేరే కాపురం, బడిలో లెక్కల టీచరు. మాస్టారి దగ్గర ఉన్నది బొత్తాల ఫోను, టిక్కెట్టు అందులోకి రాదు. అందుకని మంగళవారం షాపుకు వచ్చి, బల్ల మీదున్న కొలతల చీటీ ఒకటి తీసి, విమానం నంబరూ టిక్కెట్టు నంబరూ టైమూ రాసి తల్లి చేతికిచ్చింది. టైము మూడూ పది అని ఉంది. మర్నాడు తనకు పరీక్ష డ్యూటీ ఉందనీ, మూడింటి దాకా ఫోన్ బీరువాలో పెట్టెయ్యాలనీ చెప్పి వెళ్లిపోయింది.

మాస్టారు అప్పుడు గుడ్డ కొనడానికి బజారుకు వెళ్లాడు. ఆమె చీటీ పట్టుకుని మిషను ముందు కూర్చుంది. మూడూ పది అంటే ఈయన పదకొండూ పదికి అక్కడుంటాడు. మోకాళ్లు ఇప్పటికే సలుపుతున్నాయి. అక్కడికి వెళ్లాక ఆస్పత్రిలో ఎన్ని రాత్రులు కుర్చీలో కూర్చోవాలో తెలియదు. ఆమె కొత్త చీటీ తీసింది. నంబర్లు రెండూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి, మూడు దగ్గర నాలుగు వేసింది. నాలుగూ పది అనుకుంటే మాస్టారు పన్నెండూ పదికి చేరతాడు. అసలు విమానానికి అది మూడు గంటల ముందు. ఎవరికీ నష్టం లేదు, తనకొక గంట మిగులుతుంది. కూతురి చీటీ మడిచి చేతిసంచి అడుగున పెట్టింది. తను రాసిన చీటీ మాస్టారికిచ్చింది. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు.

ఆ అంకె కింద ఆమె గీత గీయలేదు. గీస్తే తెలిసిపోతుందని కాదు. ఆ ఆలోచనే రాలేదు. అది గుడ్డ కొలత కాదు కదా.

బుధవారం పదిన్నరకు ఆమె సంచులు సర్ది షాపులోకి వచ్చేసరికి మాస్టారు ఇంకా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గౌను కుట్టడం అయిపోయింది. నూలు గుడ్డ, లేత నీలం. ముందు నుంచి తెరుచుకుంటుంది. ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా విడిపోతుంది, సూది ఉన్న చేతిని కదపకుండా తొడగొచ్చు. అంతా గుండీల మీద నిలబడే బట్ట. పద్నాలుగు కాజాలు. మిషను కాజా అంచు ఒంటికి గీసుకుంటుందని ఆయన చేత్తో కుడుతున్నాడు. పొద్దున్నే మొదలుపెట్టాల్సింది. మొదటి రెండు కాజాలు సరిగా రాలేదు, విప్పి మళ్లీ కుట్టాడు.

"టైమవుతోంది," అంది ఆమె.

"ఒక్కోటీ తొమ్మిది నిమిషాలు. పన్నెండున్నాయి. ఇంకో రెండు గంటలు."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"నువ్వన్నట్టే కానీ. రెండు గంటల ముందు చాలు. రెండూ పదికి అక్కడుందాం," అన్నాడు మాస్టారు. తల ఎత్తలేదు. "పన్నెండేళ్లకు నీ మాట నెగ్గింది. పుస్తకంలో రాసిపెట్టుకో."

ఆమె నిలబడ్డచోటే లెక్క వేసింది. మూడూ పదికి విమానం. కౌంటరు ముప్పావుగంట ముందు మూసేస్తారు, అంటే రెండూ పాతిక. రెండూ పదికి చేరితే పదిహేను నిమిషాలుంటుంది. చాలు. కానీ దారిలో ఏదైనా అయితే?

"నాలుగు గంటల ముందే వెళ్దామండీ. కాజాలు అక్కడ కూర్చుని కుట్టుకోవచ్చు," అంది.

మాస్టారు నవ్వాడు. "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడే? సూదీ కత్తెరా లోపలికి రానిస్తారా?"

"పోనీ సగం నాకివ్వండి."

"ఇద్దరి చేతి కుట్టు ఒకలా రాదు. అక్క వేళ్లతో తడిమి చెప్పేస్తుంది, ఇది నీది, ఇది ఆవిడది అని." సూది ఆగింది. "పొద్దున మేనకోడలు పిల్ల ఫోన్ చేసింది. గౌను రంగేమిటని అక్క అడిగిందట."

అప్పుడు చెప్పాలి. ఆమె నోరు తెరిచింది కూడా. టైము నేను మార్చానండీ అనే మూడు మాటలు. చెబితే ఆయన సూది కింద పెడతాడు. గౌను ఆగిపోతుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయనకు చెప్పిన అబద్ధాల్లో ఇదొకటి బయటపడాల్సింది ఈ రోజేనా అనిపించింది. పదిహేను నిమిషాలుంది కదా అనుకుంది. మాట మింగేసింది. మింగి, గుడ్డ అంచు పట్టుకోమంటే పట్టుకుని కూర్చుంది.

పన్నెండు నుంచి ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తాళాలు రెండుసార్లు చూసింది. పన్నెండున్నరకే కారు పిలిచింది. చివరి కాజాకు ముడి వేసి దారం కొరికేసరికి పన్నెండూ యాభై ఎనిమిది. మాస్టారు గౌను మడిచి కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కారు ఎక్కాక డ్రైవరును తొందరపెట్టింది ఆమే. విమానం ఎన్నింటికమ్మా అని డ్రైవరు అడిగితే, మీరు పోనివ్వండి అంది. మాస్టారు అద్దంలోంచి డ్రైవరును చూసి, మా ఇంట్లో ఈ రోజు డ్యూటీలు మారాయి అన్నాడు.

రెండూ అయిదుకు దిగారు. ఆమె మోకాళ్లను మరిచిపోయి ముందు నడిచింది. కౌంటరులో అమ్మాయి నంబరు కొట్టింది, తెర వంక చూసింది, మళ్లీ కొట్టింది.

"ఈ విమానం రెండూ పదికండీ. తలుపులు మూసేశారు."

ఆ అమ్మాయికి పొరపాటు పడిందనుకుని మాస్టారు జేబులోంచి చీటీ తీసి చూపించాడు. నాలుగూ పది. అమ్మాయి చీటీ చదివింది. నాలుగూ పదికి అక్కడికి విమానం లేదంది. మూడూ పదికి ఉందేమో చూడమంది ఆమె. మాస్టారు ఆమె వైపు తిరిగాడు. మూడూ పదికీ లేదని అమ్మాయి చెప్పింది.

ఆమె చేతిసంచి అడుగు నుంచి కూతురి చీటీ తీసింది. తీసి బల్ల మీద, ఆయన చీటీ పక్కన పెట్టింది. మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఒక చీటీ కూతురి రాత, ఒకటి భార్య రాత. రెండూ షాపు చీటీలే. రెండింటిలోనూ ఒకే నంబరు. ఒకదాంట్లో మూడు, ఒకదాంట్లో నాలుగు. ఒకే కొలతకు ఇద్దరు కలిపితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"గీత లేదు," అన్నాడు.

"మోకాళ్లు నొప్పి అని…" అంది ఆమె.

వెనక వరసలో ఉన్నవాళ్లు ముందుకు జరిగారు. మాస్టారు రెండు చీటీలూ ఒకదాని మీద ఒకటి పెట్టి మడిచాడు.

"మన పిల్ల ఒక గంట కలిపింది, నువ్వొక గంట కలిపావు, నేను రెండు గంటలు కోశాను. పెద్ద కోత నాదే," అన్నాడు.

తిట్టి ఉంటే ఆమెకు నిలబడటానికి ఏదో ఒకటి దొరికేది.

తర్వాతి విమానంలో చోటు మర్నాడు పొద్దున ఏడింటికి ఉంది. టిక్కెట్లు మార్పించారు. మేనకోడలికి ఫోన్ చేసింది ఆమే. విమానం అందలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆలస్యమైంది అంది. అవతల ఆ పిల్ల, సరే అత్తయ్యా, అమ్మకు అలాగే చెబుతాను అంది. మాస్టారు పక్కనే విన్నాడు, సరిదిద్దలేదు.

ఇంటికి వెళ్లి పొద్దున్నే వద్దామా అని ఆమె అడగలేదు. ఆయన గోడ పక్కన ఇనప కుర్చీలో, విమానాల బోర్డు కనబడేలా కూర్చున్నాడు. ఒళ్లో పొట్లం. బోర్డు మీద వాళ్ల విమానం వరస కాసేపు ఉండి చెరిగిపోయింది.

మూడూ అయిదుకు కూతురు ఫోన్ చేసింది. దిగారా అని అడిగింది. ఆమె జరిగింది చెప్పింది.

"అమ్మా, నేను నీ మోకాళ్ల కోసమే గంట కలిపాను. నీకు చెబితే నీ నోట్లో మాట దాగదని…"

"నేనూ అందుకే కలిపానే."

నాలుగుంపావు అయినప్పుడు మాస్టారు గోడ గడియారం చూశాడు. ఎక్కి ఉంటే ఆ పాటికి ఆస్పత్రి మెట్ల మీద ఉండేవాళ్లు. ఆయన ఆ మాట అనలేదు. పొట్లం ఒక మోకాలి మీద నుంచి రెండో మోకాలి మీదికి మార్చుకున్నాడు. ఆమెకు నీళ్లు తెచ్చిచ్చాడు. కాళ్లు చాపుకోమని సంచి ఆమె పాదాల కిందికి జరిపాడు. అది చూసి ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

అయిదున్నరకు ఫోన్ మోగింది. మేనకోడలి నంబరు. మాస్టారు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గాని బొత్తాం నొక్కలేదు. ఆమె తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

అయిదూ ఇరవైకి పోయిందట. నొప్పేమీ పడలేదట. మధ్యాహ్నం నుంచి టైమెంత అని అడుగుతూనే ఉందట. విమానం ఆలస్యమైందని చెబితే నమ్మిందట. ఆ తర్వాత అన్న మాటలు ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. ఆమె వాటిని అలాగే మాస్టారికి చెప్పాలా వద్దా అని ఫోన్ పెట్టేసి కాసేపు కూర్చుంది. ఆయన ఆమె మొహం చూస్తూ ఉన్నాడు. పొద్దున ఒకటి మింగింది. ఇంకొకటి మింగే ఓపిక ఆమెకు లేదు.

"పోయిందండీ. అయిదూ ఇరవైకి."

మాస్టారు తల ఊపాడు.

"విమానం ఆలస్యమని చెబితే నవ్విందట. ఆలస్యం విమానానిదే అయ్యుంటుంది, వాడిది కాదు, వాడు పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని ఉంటాడు, వాడి సంగతి నాకు తెలీదా అందట. అవే ఆఖరి మాటలట."

ఆయన లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్లాలో తెలియనట్టు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. పొట్లం కాగితం విప్పి, పై కాజా ఒకటి బొటనవేలితో తడిమాడు. ఒకటి, రెండు, మూడు, చివరిదాకా. మళ్లీ మడిచి కాగితం చుట్టాడు. ఆ తర్వాత ఏడ్చాడు, శబ్దం లేకుండా, కళ్లజోడు తియ్యకుండా. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వెయ్యబోయి, తన చెయ్యి అందుకు తగునా అని ఆగి, చివరికి వేసింది. ఆయన తోసెయ్యలేదు.

ఆరింటికి కూతురు వచ్చింది. చీర కొంగుకు ఇంకా సుద్దపొడి ఉంది. తండ్రి ఎదురుగా నిలబడింది. నాన్నా అంది, అంతే. ఆయన పక్క కుర్చీ చూపించాడు. కూర్చుంది. బోర్డు మీద ఊళ్లు మారుతూ వచ్చాయి.

మాస్టారు జేబులోంచి రెండు చీటీలూ బయటికి తీశాడు. ఒకదాన్ని తిరగేసి, చెవి మీద ఉన్న పెన్సిలు తీసి కూతురికిచ్చాడు. రేపటి విమానం టైము రాయమన్నాడు. కూతురు రాసింది. ఏడు.

"కింద గీత గీయమ్మా."

కూతురు గీసింది. గీత వంకరగా వచ్చింది. మాస్టారు చీటీ తీసుకుని చూసి, పొట్లం దారం కిందికి దోపాడు.

ఏడింటికి ఇంకా పన్నెండు గంటల పైమాటే. ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇంటికి వెళ్దామని ఎవరూ అనలేదు.